‘షార్క్’ చేప అడుగు దాటింది: ఆరడుగుల అక్వేరియం సరిపోతుందా?

మీ ప్రశ్న సారాంశం ఇది. వేలెడంత ఉన్నప్పుడు కొన్న రెండు ‘షార్క్’ చేపలు నాలుగడుగుల ట్యాంకులో పెరిగి ఇప్పుడు ఒక్కొక్కటి అడుగు దాటాయి. ఆరడుగుల ట్యాంకు చేయిస్తే వాటికి జీవితాంతం సరిపోతుందా, సరిపోకపోతే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వదిలేయవచ్చా అని అడిగారు.

ఆరడుగుల ట్యాంకు సరిపోదు. నదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు. ఆరడుగుల ట్యాంకు మీకు కొంత సమయాన్ని మాత్రమే ఇస్తుంది. ఈ చేప పూర్తి పరిమాణానికి ఎదిగితే మామూలు ఇంట్లో పట్టే ఏ గాజు ట్యాంకూ దానికి చాలదు. కాబట్టి మీ ముందున్న అసలు పని పెద్ద ట్యాంకు కొనడం కాదు, వీటికి తగిన చోటు వెతకడం. ఆ చోటు దొరికేదాకా ఆరోగ్యంగా ఎలా ఉంచాలో కూడా వివరిస్తాను. ఇళ్లలో, ఆఫీసుల్లో పెద్ద అక్వేరియంలు అమర్చి, వాటి బాగోగులు చూసే పనిలో నాకు అత్యంత తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ముందుగా మీ దగ్గర ఉన్నది ఏ చేపో తేల్చుకోవాలి. ఒంటి మీద పొలుసులు లేకుండా, వెండి బూడిద రంగులో, రెండు జతల మీసాలతో, నోటికి దాదాపు సమాన ఎత్తులో కిందికి జరిగిన పెద్ద కళ్లతో ఉంటే అది పంగాసియనోడాన్ హైపోఫ్తాల్మస్ అనే నదీ చేప. పిల్లగా ఉన్నప్పుడు తల నుంచి తోక వైపు ఒంటి పొడవునా కనిపించే నల్లని పట్టీలు పెరిగేకొద్దీ మాసిపోతాయి. సముద్రపు సొరచేపతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. కైకలూరు, కొల్లేరు ప్రాంతాల చెరువుల్లో రైతులు ‘ఫంగస్’ అని పిలుస్తూ పెంచే చేప ఇదే. వీపు మీది రెక్క, పక్క రెక్కలు తెరచాపలా పొడవుగా, నల్లగా సాగి ఉంటే మాత్రం అది పరూన్ షార్క్ కావచ్చు. అది ఇంకా పెద్ద జాతి, మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. అదే అయితే కింద చెప్పే ప్రతి మాటనూ మరింత గట్టిగా అన్వయించుకోండి.

ఫంగస్ చేప 130 సెంటీమీటర్ల పొడవు, 44 కేజీల బరువు దాకా పెరిగినట్టు నమోదై ఉంది. ఈ మాట చెప్పినప్పుడు మన ప్రాంతంలో చాలామంది నమ్మరు, ఎందుకంటే మార్కెట్లో వారు చూసే ఫంగస్ కేజీ, కేజీన్నర మించి ఉండదు. అది చేప ఎదిగే హద్దు కాదు, రైతు పట్టి అమ్ముకునే సైజు. మేత ఖర్చుకు గిట్టుబాటయ్యే దశలో, ఇంకా ఏడాది వయసైనా నిండకముందే చెరువు పట్టేస్తారు. అంటే మనం మార్కెట్లో చూసేవన్నీ పిల్ల చేపలే. మీ అక్వేరియంలోని చేపకు అలాంటి పట్టుబడి ఉండదు. సరిగా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతకగల ప్రాణి అది.

దీని పుట్టిల్లు మెకాంగ్, చావో ఫ్రాయా నదులు. దీనికి దగ్గరి చుట్టమైన మెకాంగ్ జెయింట్ క్యాట్‌ఫిష్ ఒకటి 2005లో ఉత్తర థాయిలాండ్‌లో 293 కేజీల బరువుతో పట్టుబడింది. మెకాంగ్‌లో ఫంగస్ చేప ఒకచోట స్థిరంగా ఉండదు. వానలు మొదలయ్యే వేళ గుంపులుగా ఎగువకు ఈది వెళ్లి గుడ్లు పెడుతుంది. పిల్లలు వరద నీటితో దిగువకు కొట్టుకువచ్చి కంబోడియాలోని తోన్లే సాప్ సరస్సు వంటి ముంపు ప్రాంతాల్లో పెరుగుతాయి. వరద తగ్గినప్పుడు అవి మళ్లీ పెద్ద నదిలోకి మళ్లుతాయి. ఈ వలస ఇంకా అలవాటుగా ఉన్న, నదిలో సహజంగా పెరిగే చేపల సంఖ్య బాగా పడిపోవడంతో 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. చెరువుల్లో కోట్ల సంఖ్యలో పెరుగుతున్న చేప సొంత నదిలో తరిగిపోతోందన్న మాట నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. మన దేశానికి ఇది 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు చేరి, అక్కడి నుంచి ఆంధ్ర చెరువుల్లోకి వచ్చింది. అక్వేరియం దుకాణాలకు అందే పిల్లలు కూడా తినే చేపల కోసం పిల్లలను పుట్టించే ఆ హేచరీల నుంచి వచ్చేవే. పుట్టుక మొదలు లక్షల సంఖ్యలో, చవకగా, తినడానికి పెంచే పిల్లలు కావడం వల్లే వీటిని ఇరవై ముప్పై రూపాయలకు అమ్మగలుగుతున్నారు. ఆ ధర చూసి ఇది చిన్న చేప అని మనం పొరబడుతున్నాం.

ఇప్పుడు ట్యాంకు లెక్కకు వద్దాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకులో 24 ఘనపుటడుగులు, అంటే సుమారు 680 లీటర్ల నీరు పడుతుంది. వినడానికి చాలా ఎక్కువగా అనిపిస్తుంది. కానీ ఇలాంటి చేపకు లీటర్ల కంటే వెడల్పు ముఖ్యం. ఫంగస్ ఒకచోట నిలిచి తోక ఆడించే చేప కాదు, రోజంతా ముందుకు ఈదుతూ ఉండే చేప. ఒళ్లు వంచకుండా, గాజుకు మూతి తగలకుండా మలుపు తిరగాలంటే ట్యాంకు వెడల్పు చేప పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది నేను పాటించే లెక్క. రెండడుగుల చేపకు మూడడుగుల వెడల్పు, మూడడుగుల చేపకు నాలుగున్నర అడుగుల వెడల్పు కావాలి. రెండడుగుల వెడల్పున్న మీ కొత్త ట్యాంకులో చేప పదహారు అంగుళాలు దాటిన నాటి నుంచే ఇరుకు మొదలవుతుంది. మీవి ఇప్పటికే పన్నెండు దాటాయి.

అయితే పెద్ద ట్యాంకే కట్టిస్తానంటారా, ఇంటి కప్పు బరువు చూడండి. పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ట్యాంకులో దాదాపు 3,400 లీటర్ల నీరు, అంటే నీరొక్కటే మూడు టన్నుల నాలుగు వందల కేజీలు. నివాస గదుల అంతస్తులను భారతీయ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కేజీల వాడుక భారానికి డిజైన్ చేస్తారు. మూడడుగుల లోతు నీరు చదరపు మీటరుకు 900 కేజీలకు పైగా మోపుతుంది, గాజు, స్టాండు బరువు దానికి అదనం. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఇలాంటి ట్యాంకు పెట్టించమని అడిగినవారికి స్ట్రక్చరల్ ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప నేను పని మొదలుపెట్టను. నేల మీద కట్టిన ఇంట్లో, కింది అంతస్తులో అయితే మాట వేరు.

‘ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది’ అనే మాటను దయచేసి నమ్మకండి. దుకాణాల్లో ఈ మాట చెప్పి అమ్ముతారు. ఇరుకు ట్యాంకులో చేప ఎదుగుదల మందగించే మాట నిజమే. అది చేప సర్దుకుపోవడం కాదు, పేరుకుపోయిన వ్యర్థాలు, ఒత్తిడి, సరిగా ఈదలేకపోవడం కలిసి దాన్ని కుదించడం. అలాంటి చేపల్లో వెన్ను వంకర, పొట్టతో పోలిస్తే పెద్దదిగా కనిపించే తల, చిరిగి మాననే మానని రెక్కలు నేను పదే పదే చూస్తుంటాను. ఇరవై ఏళ్లు బతకవలసిన చేప రెండు మూడేళ్లలోనే పోతే, ఇంటివారు దాని ఆయుష్షే అంత అనుకుంటారు.

ఈ చేప గురించి ఎక్కువగా చెప్పవలసింది దాని బెదురు. చూపు అంత బలమైనది కాదు, గుంపులో ఉంటేనే ధైర్యం. గుంటూరులో ఒక ఇంట్లో ఆరడుగుల ట్యాంకులో రెండు పెద్ద ఫంగస్ చేపలు ఉండేవి. రాత్రి చీకట్లో ఎవరో ఒక్కసారిగా హాలు లైటు వేయగానే ఒక చేప ట్యాంకు ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయి పక్క గాజుకు గుద్దుకుంది. ఆ ఊపుకు హీటరు పగిలి, మూత పక్కకు జరిగింది. మర్నాడు నేను వెళ్లి చూసేసరికి దాని మూతి చివర చర్మం ఊడి తెల్లటి కండ కనిపిస్తోంది, ఒక మీసం మొదలంటా అరిగిపోయి ఉంది, ఆ గాయం మీద దూది పీచులాంటి బూజు అప్పుడే మొదలైంది. మరో చేప మాత్రం ముందు గాజు పొడవునా, ఒకే ఎత్తులో, అటూ ఇటూ ఆగకుండా తిరుగుతూనే ఉంది. చూసినవాళ్లు చేప హుషారుగా ఉందంటారు, నిజానికి దారి వెతుకుతున్న ప్రాణి చేసే పని అది. మీ చేపల మూతి దగ్గర తెల్లదనం, అరిగిన మీసాలు ఉన్నాయేమో ఈరోజే టార్చి వేయకుండా, పగటి వెలుతురులో చూడండి.

అందుకే మీ ప్రస్తుత ట్యాంకులో వెంటనే చేయవలసిన మొదటి పని బెదురు తగ్గించడం. ట్యాంకు వెనుక, రెండు పక్కల గాజుకు బయటి నుంచి ముదురు రంగు కాగితం అంటించండి. లోపల మొనదేలిన రాళ్లు, ప్లాస్టిక్ కోటలు, పెద్ద దుంగలు అన్నీ తీసేసి నేలను ఖాళీగా ఉంచండి. హీటరు ఉంటే దానికి తొడుగు వేయండి లేదా సంప్‌లోకి, అంటే ట్యాంకు కింద విడిగా ఉండే ఫిల్టరు తొట్టిలోకి మార్చండి. చీకట్లో ఒక్కసారిగా పెద్ద లైటు వేయకండి, ముందు గదిలో తక్కువ వెలుతురు లైటు వేసి, పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత ట్యాంకు లైటు వేయండి. మూత బరువుగా, బిగువుగా ఉండాలి. అయితే నీటికి, మూతకు మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ తప్పనిసరి. ఈ చేప మొప్పలతోనే కాక, పైకి వచ్చి గాలి మింగి, ఈత తిత్తి (ఒంట్లో ఉండే గాలి సంచి) ద్వారా కూడా ఊపిరి తీసుకుంటుంది. నీటిని మూత దాకా నింపితే ఆ దారి మూసినట్టే.

ఈ గాలి పీల్చే శక్తి వల్ల ఒక ప్రమాదం కూడా ఉంది. కరెంటు పోయినా, నీరు చెడిపోయినా మిగతా చేపలు కొట్టుకుంటుంటే ఇది మామూలుగానే కనిపిస్తుంది. అంతా బాగుందని యజమాని అనుకుంటారు. ఫిల్టరులో వ్యర్థాలను శుద్ధి చేసే బ్యాక్టీరియాకు మాత్రం ప్రాణవాయువు కావాలి, గంటల తరబడి ఫిల్టరు ఆగితే అది చచ్చిపోతుంది. కరెంటు వచ్చాక చేప బతికే ఉంటుంది, కానీ నీటిని శుభ్రం చేసేది ఏదీ మిగలదు. ఎండాకాలపు కోతల్లో బ్యాటరీతో నడిచే గాలి మోటారును స్పాంజి ఫిల్టరుకు తగిలించి ఉంచడం అందుకే అవసరం.

నీటి లెక్క కూడా ఒకసారి చూడండి. మీ రెండు చేపలూ కలిపి అరకేజీకి పైగానే తూగుతాయి. వాటికి కింద చెప్పబోయే మోతాదుకు మించి రోజుకు 12 గ్రాముల మేత, అందులో 28 శాతం ప్రొటీన్ ఉన్న గుళికలు వేస్తే, ఆ ప్రొటీన్‌తో లోపలికి వెళ్లే నత్రజనిలో సగం అమ్మోనియాగా బయటికి వచ్చినా అది దాదాపు 270 మిల్లీగ్రాములు. మీ నాలుగడుగుల ట్యాంకులో ఉన్న 230, 250 లీటర్లకు పంచితే రోజుకు లీటరుకు ఒక మిల్లీగ్రాముకు పైగా వస్తుంది. పరీక్షలో అమ్మోనియా కనిపించకూడదన్నది నియమం. ఈ తేడాను మొత్తం ఫిల్టరే మోయాలి. బోరు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దాకా ఉండే ఊళ్లలో పరిస్థితి మరింత కష్టం. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం సుమారు పది రెట్లు పెరుగుతుంది. కాబట్టి వారానికి రెండుసార్లు మూడోవంతు నీరు మార్చండి. మున్సిపల్ నీరైతే యాంటీ క్లోరిన్ మందు కలిపాకే పోయండి. మొత్తం నీరు తీసి, గులకరాళ్లు, ఫిల్టరు అన్నీ కుళాయి కింద కడిగి పెట్టే పద్ధతి మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. దానివల్ల బ్యాక్టీరియా అంతా పోతుంది. ఫిల్టరు స్పాంజిని ట్యాంకులోంచి తీసిన పాత నీటిలోనే పిండాలి.

మేత విషయంలో చెరువు పద్ధతిని ఇంట్లో అనుసరించకూడదు. చెరువు రైతుకు తొందరగా బరువు రావాలి, మీకు ఆరోగ్యం కావాలి. ఒళ్లు బరువులో ఒక శాతం మించకుండా, తేలే గుళికలు రోజుకు ఒకసారి, వారానికి ఒక రోజు ఉపవాసం చాలు. ఇది నదిలో చిన్న చేపలు, రొయ్యల్లాంటివాటితో పాటు పండ్లు, ఆకులూ తినే సర్వభక్షక జాతి. ఉడికించిన బఠాణీ, అరటిపండు ముక్క అప్పుడప్పుడు వేయవచ్చు. కోడి కాలేయం, మాంసం ముక్కలు వేయకండి, నీరు చెడుతుంది, చేపకు కొవ్వు పడుతుంది. నోట్లో పట్టే చిన్న చేపలను పక్కన ఉంచితే ఒక రాత్రి మాయమవుతాయి, అందుకు చేపను తప్పుపట్టి ప్రయోజనం లేదు.

పొలుసులు లేని చేప కనుక మందులు చర్మం నుంచి నేరుగా లోపలికి ఇంకుతాయి. చలికాలంలో ఒళ్లంతా రవ్వలా తెల్లచుక్కలు వచ్చే జబ్బు దీనికి చాలా త్వరగా వస్తుంది. మలకైట్ గ్రీన్, ఫార్మాలిన్, రాగి ఉన్న మందులు సీసా మీద రాసినంత మోతాదులో వేస్తే జబ్బు కంటే ముందు చేపే పోవచ్చు. నేనైతే మొదట నీటి ఉష్ణోగ్రతను రెండు మూడు రోజుల్లో క్రమంగా 30 డిగ్రీలకు పెంచి, లీటరుకు ఒకటి, రెండు గ్రాముల కల్లుప్పు విడతలుగా కలిపి, గాలి ఎక్కువగా ఇచ్చి చూస్తాను. తొలి దశలో పట్టుకుంటే చాలా సందర్భాల్లో ఇంతకు మించి అవసరం పడదు.

ఇక నదిలో వదలడం గురించి. కోనేటిలోనో, కాలువలోనో చేపను వదిలితే పుణ్యమని మన దగ్గర నమ్మేవారు ఎందరో ఉన్నారు, వారి ఉద్దేశం మంచిదే. కానీ ఇది కృష్ణ చేప కాదు. అక్కడ బతికితే మన వాలుగ, జెల్ల, పరిగెల మేతకు, చోటుకు పోటీ వస్తుంది. బతకకపోయినా ఒంటి మీది పరాన్నజీవులను, బ్యాక్టీరియాను నదికి అంటించి పోతుంది. ట్యాంకు గాజుకు అంటిన పాచిని తినడానికి తెచ్చిన సక్కర్ చేప ఇప్పుడు మన నదుల్లో, చెరువుల్లో చేరి, వలలు చింపుతూ మత్స్యకారులను ఏడిపిస్తోంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో అమెరికా ఖండపు అలిగేటర్ గార్ దొరికింది. ఇవేవీ తమంతట తాము నడిచి వచ్చినవి కావు.

మరి ఏం చేయాలి? నా అనుభవంలో నిలిచిన మార్గం ఒక్కటే: తోటలోనో, పొలం ఇంట్లోనో కాలువకు, మురుగు తూముకు సంబంధం లేని సిమెంటు తొట్టి ఉన్నవారికి అప్పగించడం. పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు తొట్టిలో 17,000 లీటర్ల నీరు ఉంటుంది. అందులో ఇవి నిజంగా ఈదుతాయి. అంతకుముందు ట్యాంకులో నీడ చూసి ఉలిక్కిపడిన చేపలే అక్కడ కొన్ని వారాలకు మేత వేసే మనిషి అడుగుల చప్పుడుకు గుంపుగా పైకి రావడం చూశాను. తొట్టి మీద వల, ఒక వైపు నీడ, ఫిల్టరు ఉండాలి. గట్టు వరద మట్టానికి బాగా ఎత్తున ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చూశారు కదా, అలాంటి వరదలో తొట్టికి, కాలువకు తేడా ఉండదు. తెలంగాణ ఉత్తర జిల్లాల్లో అయితే చలికాలపు నీటి చల్లదనం కూడా ఆలోచించుకోవాలి. 20 డిగ్రీల కంటే దిగితే ఇది మేత తగ్గించి జబ్బుపడుతుంది.

కైకలూరు వైపు తెలిసిన రైతు చెరువులో వేస్తే సరిపోదా అని మీరు అనుకోవచ్చు. రెండు విషయాలు తెలిసి నిర్ణయించుకోండి. చెరువు పట్టినప్పుడు మీ చేపలు కూడా మార్కెట్‌కే వెళతాయి. అంతకంటే ముఖ్యంగా, మీరు ఎప్పుడైనా మలకైట్ గ్రీన్ వంటి మందు వాడి ఉంటే ఆ చేపను తినే చేపల్లో కలపకూడదు. తినే చేపల పెంపకంలో ఆ మందు నిషిద్ధం. జబ్బు లేని చేపే అని తేలకుండా వేలాది చేపలున్న రైతు చెరువులో వేయడం కూడా న్యాయం కాదు.

తరలించే ముందు ఒక రోజు మేత ఆపండి. వలతో పట్టకండి. వీపు రెక్కకు, పక్క రెక్కలకు ఉన్న ముళ్లు వలలో చిక్కుకుని విరుగుతాయి, మీ చేతికీ గుచ్చుకుంటాయి. నీరు సగానికి తగ్గించి, గదిలో వెలుతురు బాగా తగ్గించి, చేప కంటే పొడవైన ప్లాస్టిక్ టబ్బును నీటిలోనే ముంచి, నెమ్మదిగా దాన్ని లోపలికి నడిపించి నీటితో సహా ఎత్తాలి. ఇద్దరు మనుషులు కావాలి. టబ్బు మీద తడిగుడ్డ కప్పి తాడు కట్టండి. కొత్త చోట అక్కడి నీటిని గంటసేపు కొద్దికొద్దిగా టబ్బులో కలిపాకే వదలండి.

అంతవరకు ఆరడుగుల ట్యాంకు కొనడంలో తప్పు లేదు, చోటు దొరికాక కూడా అది మీకు పనికొస్తుంది. నదీ చేపల మీదే మీకు మక్కువ అయితే అందులో మన చారల జెల్లలను ఆరేడింటిని గుంపుగా పెట్టి చూడండి. జానెడు లోపే ఉంటాయి, మీసాలు ఉంటాయి, సాయంత్రం వేళ గుంపుగా కదులుతాయి. వాటి నోటికి పట్టనంత పెద్ద పరిగెలను తోడుగా వేయవచ్చు. జాలర్ల దగ్గర తెచ్చుకున్నవైతే మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి, తెల్లచుక్కలు, పేలు లేవని చూసుకున్నాకే ట్యాంకులో కలపండి. మీ ట్యాంకు కొలతలు, ఫిల్టరు రకం, నీటి పీహెచ్ రాస్తే ఎన్ని చేపలు పడతాయో లెక్క వేసి చెబుతాను.